5 హెచ్‌పీ బోరుకు మొబైల్ స్టార్టరు: ఏది కొనాలి, ఎలా బిగించాలి, ఎక్కడ మోటరు కాలుతుంది

మీరు అడిగింది ఇదీ: ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో చేను. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, మామూలు పుష్‌బటన్ డీఓఎల్ స్టార్టరు, అంటే బటన్ నొక్కగానే పూర్తి వోల్టేజీని నేరుగా మోటరుకు ఇచ్చేది. నాన్నగారికి అరవై దాటాయి. ఏ రాత్రి కరెంటు వచ్చినా టార్చి పట్టుకొని గట్ల మీద నడిచి వెళ్తున్నారు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నారు. మిస్డ్ కాల్‌తో మోటరు ఆన్ అయ్యే చవక డబ్బా సరిపోతుందా, యాప్ ఉన్న ఖరీదైనది కావాలా అని.

యాప్ ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. చూడాల్సింది ఒక్కటే: ఆ పరికరం మోటరు తాగే కరెంటును కొలుస్తుందా లేదా. బజారులో రెండు జాతులున్నాయి. మొదటిది ఫోను రాగానే పచ్చ బటన్ నొక్కే చెయ్యి మాత్రమే. రెండోదానికి లోపల సీటీలు ఉంటాయి, అంటే మోటరు వైర్లు దూరి వెళ్ళే చిన్న నల్ల ఉంగరాలు. ఇవి ఆంప్స్ చదివి, తేడా వస్తే మోటరు ఆపి, ఎందుకు ఆపిందో మెసేజ్ పెడతాయి. రెండోదే కొనండి. మనిషి మోటరు పక్కన నిలబడితే హోరు మారగానే చెవికి తెలుస్తుంది, పైపులో నీళ్ళు తగ్గితే కంటికి తెలుస్తుంది. ఆ చెవీ కన్నూ లేకుండా రెండు కిలోమీటర్ల అవతలి నుంచి మోటరు వేసినప్పుడు ఆంప్స్ చదివే సీటీలే మీకు దిక్కు. మొదటి జాతి డబ్బా వల్ల మిగిలే డబ్బు ఒక్క వైండింగుకు, అంటే కాలిన మోటరుకు తీగ మళ్ళీ చుట్టించడానికి చాలదు. బోరులోంచి మోటరు పైకి లాగి మళ్ళీ దింపే ఖర్చు దానికి అదనం.

డబ్బా కొనకముందు టాంగ్ టెస్టరు (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఒకసారి చేనుకి తీసుకెళ్ళండి. మోటరు వేసి, పైపు నిండుగా పారుతున్నప్పుడు మూడు ఫేజుల ఆంప్స్, మూడు జతల వోల్టేజీ రాసి పెట్టుకోండి. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మామూలుగా 8 నుంచి 10 ఆంప్స్ మధ్య లాగుతుంది. మీ మోటరు లెక్క దాని నేమ్‌ప్లేటు మీదే ఉంటుంది. అది బోరులో ఉండిపోయింది కాబట్టి కొన్నప్పటి కాగితం వెతకండి. మూడు ఫేజులూ దాదాపు సమానంగా ఉండాలి. 8.6, 8.8, 8.5 వస్తే మంచిదే. 7, 9, 11 వచ్చిందంటే ఏదో ఒక ఫేజులో వోల్టేజీ తక్కువైనా ఉండాలి, ఎక్కడైనా జాయింటు వదులైనా అయి ఉండాలి. వోల్టేజీలో ఒక్క శాతం తేడా వస్తే కరెంటులో ఆరేడు శాతం తేడా వస్తుంది. ఆ రోగం ముందు బాగు చేయించాలి. దాని మీద ఏ స్మార్టు డబ్బా పెట్టినా పదే పదే ట్రిప్ అవుతుంది, విసుగొచ్చి ఎవరో రక్షణ సెట్టింగులన్నీ తీసేస్తారు, మోటరు కాలుతుంది.

ఇక డీఓఎల్ స్టార్టరు లోపల ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) చక్రం ఎంత మీద ఉందో చూడండి. చాలా చేలల్లో అది చివరిదాకా తిప్పేసి ఉంటుంది. ఎప్పుడో ఎండాకాలంలో వోల్టేజీ తగ్గి ట్రిప్ అవుతోందని ఎవరో తిప్పి ఉంటారు, మళ్ళీ వెనక్కి తేరు. దాన్ని నేమ్‌ప్లేటు ఆంప్స్ దగ్గర పెట్టాలి, దాటించకూడదు. మీది డీఓఎల్ కాబట్టి ఇంతే. స్టార్ డెల్టా స్టార్టరు (మోటరును ముందు తక్కువ వోల్టేజీతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది) ఉన్నవాళ్ళు ఒక మెలిక గుర్తుపెట్టుకోవాలి: అందులో రిలే సాధారణంగా వైండింగు దారిలో ఉంటుంది కాబట్టి నేమ్‌ప్లేటు ఆంప్స్‌ను 0.58తో గుణించి పెట్టాలి. 14 ఆంప్స్ మోటరుకు రిలే 8 దగ్గర ఉండాలి. 14 మీద పెడితే రిలే లేనట్టే. చేత్తో హ్యాండిల్ లాగే పాత ఆయిల్ స్టార్టరు ఉంటే మాత్రం దానికి మొబైల్ పరికరం పెట్టలేం, కాంటాక్టరు (కాయిల్‌తో మూడు ఫేజులనూ కలిపే స్విచ్) ఉన్న స్టార్టరుకు మారాల్సిందే.

కొన్ని రిలేలకు రీసెట్ దగ్గర మాన్యువల్, ఆటో అని రెండు స్థానాలుంటాయి. మాన్యువల్‌లోనే ఉంచండి. రిలే ఆటోలో ఉండి, మొబైల్ డబ్బా కూడా ఆటోలో (మోటరును దానంతట అదే మళ్ళీ వేసే పద్ధతిలో) ఉంటే, వేడెక్కి ఆగిన మోటరు చల్లారగానే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. తెల్లారేదాకా అదే పని. ఓవర్‌లోడ్‌లో ఆగిన మోటరును మనిషి వెళ్ళి చూశాకే మళ్ళీ వేయాలి.

బిగింపు విషయానికొస్తే, పరికరంలోంచి రెండు జతల వైర్లు స్టార్టరులోకి వెళ్తాయి. ఒక జత పచ్చ బటన్‌కు పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా. ఇది రెండు మూడు సెకన్లు కలిసి విడిపోతుంది. రెండో జత ఎర్ర బటన్ దారిలో సిరీస్‌గా. ఇది విడిపోతే మోటరు ఆగుతుంది. ఈ రెండో జత సరిగా కలపకపోతే డబ్బా మోటరును వేయగలదు, ఆపలేదు. బిగించిన రోజే ఇది పరీక్షించాలి. పాత బటన్లు మాత్రం అలాగే పనిచేయాలి. సిమ్ చచ్చిపోయినా నాన్నగారు చేత్తో మోటరు వేసుకోగలగాలి, ఆపుకోగలగాలి.

సింగిల్ ఫేజింగ్, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోవడం గురించి కాస్త వివరంగా చెప్తాను, మోటర్లు ఎక్కువగా కాలేది అక్కడే. స్టార్టరు కాయిల్ రెండు ఫేజుల మీదే పనిచేస్తుంది. మూడో ఫేజు ఫ్యూజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోయిందనుకోండి. కాయిల్‌కు ఆ సంగతే తెలియదు, పట్టు వదలదు. మోటరు రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతుంది, మిగిలిన రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా ఉంటే కాసేపటికి ఆపుతుంది. చివరిదాకా తిప్పేసి ఉంటే ఆపదు. కాబట్టి పరికరం మూడు ఫేజులనూ చూడాలి, ఒకటి పోతే అయిదారు సెకన్లలో మోటరు ఆపాలి, ఉన్నది రెండే అయితే అసలు వేయకూడదు. ఇలా పరీక్షించండి: మెయిన్ స్విచ్ ఆపి, మీ బోర్డులోని మూడు ఫ్యూజుల్లో ఒకటి తీసి, మళ్ళీ మెయిన్ వేసి, ఫోను నుంచి స్టార్ట్ ఇవ్వండి. మోటరు లేవకూడదు, ఫేజు లేదని మెసేజ్ రావాలి. మూడు ఫ్యూజులతో ఒక్కొక్కటిగా ఇదే చేయండి. తిరుగుతున్న మోటరు మీద ఫ్యూజు పీకి చూడొద్దు. నిప్పు చిమ్మి చెయ్యి కాలుతుంది. రెండు ఫేజులున్నా కండెన్సరుతో నడిపించే ఏర్పాటు ఏదైనా మీ బోర్డులో ఉంటే, ఈ పరికరం పెట్టే రోజే దాన్ని తీయించేయండి. అవి రెండూ ఒకచోట పొసగవు.

ఫేజులు తారుమారు కావడం ఇంకో తంటా. లైనులో ఏదో మరమ్మతు చేసి జంపర్లు అటూ ఇటూ కలిపితే మోటరు తిరగబడి తిరుగుతుంది. నీళ్ళు సన్నగా వస్తాయి, బోరు ఎండిందని అనుకుంటారు. పరికరం ఫేజు రివర్స్ అని చూపిస్తే స్టార్టరుకు వచ్చే వైపు రెండు వైర్లు మార్చాలి. మోటరు వైపు మారిస్తే నీళ్ళు వస్తాయి గానీ పరికరం ఒప్పుకోదు, అది చూసేది లోపలికొచ్చే ఫేజుల వరసనే.

ఇప్పుడు డ్రై రన్, అంటే నీళ్ళు లేకుండా మోటరు తిరగడం. సబ్‌మెర్సిబుల్‌కు నీళ్ళే చలవ, దాని బేరింగులకు నీళ్ళే కందెన. బోరులో నీళ్ళు పంపు కిందికి దిగితే మోటరుకు పని తగ్గి ఆంప్స్ పడిపోతాయి. పరికరం ఆ తగ్గుదలను చూసి ఆపుతుంది. నిండుగా పారుతున్నప్పుడు మీరు రాసుకున్న ఆంప్స్‌లో 75 నుంచి 80 శాతం దగ్గర ఈ హద్దు పెట్టండి. 8.6 ఆంప్స్ లాగే మోటరుకు 6.7 అలా. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకెను నమ్మొద్దు, అది మీ మోటరును చూసి పెట్టింది కాదు. ఆపాక మళ్ళీ వేయడానికి మధ్య ఎడం బోరు ఊరే తీరును బట్టి పెట్టాలి. కొన్ని బోర్లు అరగంటలో కోలుకుంటాయి, కొన్నింటికి రెండు గంటలు చాలవు. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి ఆంప్స్ మళ్ళీ కొలిచి హద్దు సరిచూసుకోండి. ఒక సంగతి: గేట్‌వాల్వు మూసినా ఆంప్స్ పడిపోతాయి. డ్రిప్పు ఉన్నవాళ్ళకు వాల్వులన్నీ మూసి ఉండగా మోటరు వేస్తే డ్రై రన్ అని మెసేజ్ వస్తుంది, లేదా అంతకుముందే పైపు జాయింటు ఊడుతుంది. అందుకని రాత్రికి వేయబోయే వాల్వు సాయంత్రమే తెరిచి రావాలి.

వోల్టేజీ హద్దులు: కింద 350, పైన 460. లైను చివరి చేలల్లో సాయంత్రం 340కి పడిపోతుంటే చాలామంది హద్దును 300కు దించేస్తారు. మోటరు తిరుగుతుంది, వైండింగు మాత్రం రోజూ కొంచెం కొంచెం ఉడుకుతుంది. హద్దు దించకండి, వోల్టేజీ బాగున్న వేళకు టైమరు మార్చుకోండి. ఆ వేళ ఏదో మీకిప్పుడు తెలుస్తుంది, పరికరం గంటగంటకూ చెప్పగలదు కాబట్టి.

తర్వాతిది మీ ఒక్కరికే కాదు, మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరికీ సంబంధించింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. దానికి ముందు 2017లో ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును దానంతట అదే వేసేవి) తీసేయాలని డిస్కమ్‌లు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు ఊరూరా చెప్పాయి. కారణం నీళ్ళు వృథా కావడం, కరెంటు వచ్చిన క్షణంలో అన్ని మోటర్లూ ఒక్కసారిగా లేవడం. లెక్క చూడండి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది ఫేజుకు సుమారు 85 ఆంప్స్. 9 ఆంప్స్ మోటర్లు తొమ్మిదితో అది నిండిపోతుంది. డీఓఎల్ మీద మోటరు లేచేటప్పుడు దాదాపు ఆరు రెట్లు లాగుతుంది, అంటే 54 ఆంప్స్. తొమ్మిదీ ఒకేసారి లేస్తే 480 దాటుతుంది. వోల్టేజీ కుప్పకూలి ఏ మోటరూ వేగం అందుకోదు, అన్నీ మూలుగుతూ ఉండగానే ఫ్యూజు పోతుంది. 25 కేవీఏ అయితే మూడు నాలుగు మోటర్లకే నిండు. ఇలా కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చేదాకా పైరు ఎండుతుంది.

మొబైల్ పరికరాల్లో కూడా ఆటో మోడ్ ఉంటుంది. అది వాడాలంటే ఆన్ డిలే, అంటే కరెంటు వచ్చాక మోటరు లేవడానికి ముందు ఎడం తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా కూర్చొని పంచుకోండి: ఒకరికి 2 నిమిషాలు, తర్వాతివారికి 3, ఆ తర్వాత 4. ఎవరికీ ఖర్చు లేదు, ఒక్క మాట అనుకుంటే చాలు. 2 నిమిషాల కంటే తక్కువ ఎవరూ పెట్టొద్దు. కరెంటు పోగానే పైపులోని నీళ్ళు వెనక్కి దిగుతాయి, నాన్‌రిటర్న్ వాల్వు కారుతుంటే పంపు వెనక్కి తిరుగుతుంది. అప్పుడే మోటరు లేస్తే షాఫ్టు తెగొచ్చు.

సిమ్ దగ్గర మోసపోయేవాళ్ళు ఎక్కువ. పరికరం 2జీదా 4జీదా అడగండి. 2జీ పరికరంలో జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ లేదు. 4జీ అయితే అది కాల్ తీసుకోగలదా, డేటా మీద మాత్రమే నడుస్తుందా అని అడగండి. కాల్ తీసుకోవాలంటే దానికి వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) ఉండాలి. నాన్నగారిది బటన్ ఫోను అయితే కాల్ తీసుకొని తెలుగులో మాట్లాడే పరికరమే కావాలి. మోటరు ఆన్‌లో ఉంది, కరెంటు మూడు ఫేజులుంది అని చెప్తే వినగలిగేది. కొత్తగా కొంటున్నారు కాబట్టి 4జీదే తీసుకోండి.

ఏ కంపెనీ సిమ్ అన్నది ఇంట్లో నిర్ణయించొద్దు. రెండు మూడు కంపెనీల ఫోన్లు పట్టుకొని స్టార్టరు డబ్బా దగ్గర, డబ్బా ఎత్తులో పట్టుకొని కాల్ చేసి చూడండి. గట్టు మీద నాలుగు గీతలు చూపించే సిగ్నల్ రేకు డబ్బాలో సున్నా అవుతుంది. యాంటెనా వైరు బయటికి తీసి పైన, లోహానికి దూరంగా బిగించాలి. మోటరు కేబుల్‌కు ఆనించి కట్టొద్దు. రీచార్జికి డేటా అక్కర్లేదు: 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం కాల్స్‌కు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు కంపెనీలు ఇవ్వాలి, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. యాప్ మీద నడిపితే మాత్రం డేటా కావాలి. గడువు తేదీని డబ్బా తలుపు లోపలి వైపు పెయింటుతో రాయండి. మోటరు వేసుకోవాల్సిన రోజే సిమ్ ఆగిపోయిందని తెలియడం కంటే అది నయం.

పరికరంతో వచ్చే పాస్‌వర్డ్ 1234 లాంటిదై ఉంటుంది, అదే రోజు మార్చండి. నమోదు చేసిన నంబర్ల నుంచి వచ్చే కాల్‌కే పలికేలా పెట్టండి. లేకపోతే రాంగ్ నంబరు కాల్‌కీ, ప్రకటనల కాల్‌కీ మోటరు లేస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మోటరును ఆన్ చేసే హక్కు మీ ఫోనులో పెట్టుకోవద్దు. ఊళ్ళో ఉన్న ఒక్కరికే, అంటే నాన్నగారికే ఉంచండి. మీకు మెసేజ్‌లు రానివ్వండి, ఆపే హక్కు కూడా ఉంచుకోండి. హైదరాబాద్‌లో మీరు వేళ అయిందని మోటరు వేసిన క్షణంలో ఆయన పైపు జాయింటు విప్పి ఉండొచ్చు, తడి చేతులతో కేబుల్ సరిచేస్తూ ఉండొచ్చు. మీకు కనిపించదు. బోరు దగ్గర ఎవరు ఏ పని చేసినా ముందు మెయిన్ ఆపి, మూడు ఫ్యూజు క్యారియర్లూ పీకి జేబులో వేసుకోవాలి. పరికరాన్ని మాన్యువల్‌లో పెట్టాం కదా అంటే చాలదు. ఎర్ర బటన్ నొక్కాం కదా అన్నా చాలదు. ఇంట్లో అందరికీ, కూలికి వచ్చేవాళ్ళకు కూడా ఈ మాట తెలియాలి. స్టార్టరు డబ్బా తలుపు మీద రాయండి: ఈ మోటరు ఫోనుతో దానంతట అదే లేస్తుంది.

ఎర్త్ సంగతి ఇక్కడే. రేకు డబ్బాకు, మోటరుకు ఎర్తు వైరు ఉండాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్ళు. ఎర్తు లేని చోట పిడుగుల రోజుల్లో ముందు పోయేది ఈ పరికరమే, పోకూడనిది మనిషి ప్రాణం. కేబుళ్ళు దూరే రంధ్రాలన్నీ మూయండి. బల్లులూ చీమలూ వెచ్చదనానికి కాంటాక్టరులోకి చేరతాయి. కాంటాక్టు పాయింట్ల మధ్య నలిగిన చీమల వల్ల ఒక ఫేజు సరిగా కలవక మోటరు కాలిన సందర్భాలు మెకానిక్కులందరికీ తెలుసు. కరెంటు పోయిందన్న మెసేజ్ పంపడానికి లోపల ఉండే చిన్న బ్యాటరీ ఎండకు ఉబ్బుతుంది, ఏడాదికోసారి చూసుకోండి. డబ్బాకు నీడ ఉండేలా చిన్న రేకు వేయిస్తే అది ఇంకాస్త ఎక్కువ కాలం వస్తుంది.

ఇన్ని చేశాక కూడా ఫోను చెప్పేది మోటరు సంగతే. నీళ్ళు ఏ మడిలో ఉన్నాయో, గట్టు తెగి పక్క చేనులోకి పోతున్నాయో అది చెప్పదు. మడవ తిప్పడానికి మనిషి కావాల్సిందే. తప్పేది రాత్రి నడక. కట్లపాము తిరిగే వేళలో కరెంటు వచ్చిందో లేదో చూడటానికి వెళ్ళే నడక. దాని కోసమే ఈ ఖర్చు పెట్టొచ్చు. నీళ్ళు కట్టే పని పగటికి మార్చుకుని, రాత్రి తొట్టి నింపడానికో, డ్రిప్పుకో మాత్రమే ఫోనుతో వేయండి.

టైమరు ఎంతకు పెట్టాలో ఊహించొద్దు, కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 80 సెకన్లు పడితే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000. ఎకరాకు అంగుళం లోతు తడి అంటే లక్షా మూడు వేల లీటర్ల దాకా. అరెకరం మిరపకు అంగుళం తడి ఇవ్వాలంటే మీ బోరు అయిదు గంటల నలభై నిమిషాలు నడవాలి. టైమరు అక్కడ పెట్టండి. అంతకంటే ఎక్కువసేపు నడిస్తే వేర్లు కుళ్ళుతాయి, బోరు దిగుతుంది. మీట నొక్కడం సులువైన కొద్దీ ఆపడం మరిచిపోవడమూ సులువవుతుంది. అందుకని టైమరు లేకుండా స్టార్ట్ ఇవ్వలేని సెట్టింగు ఉంటే అదే ఎంచుకోండి.

బిగించిన మొదటి పదిహేను రోజులు ఆటో మోడ్ అసలు వేయొద్దు. నాన్నగారు రోజూ పగటిపూట బోరు పక్కనే నిలబడి ఫోనుతో వేయాలి, ఫోనుతో ఆపాలి. మెసేజ్‌లో వచ్చిన ఆంప్స్ కాగితం మీద రాయాలి. టాంగ్ టెస్టరు అంకెకూ దానికీ అర ఆంప్ కంటే తేడా ఉంటే సీటీ సరిగా లేదు, అమ్మినవాళ్ళను పిలిచి మార్పించండి. పదిహేను రోజుల అంకెలు నిలకడగా ఉంటే, పదహారో రోజు ఇంటి అరుగు మీద కూర్చొని వేయమనండి.